క్యాన్సర్‌తో పోయిన ఫిడేలు మిత్రుడి పేరిట విజయనగరంలో కచేరీ పెట్టాలనుకుంటున్నాం, ఎలా చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. విజయనగరం సంగీత కళాశాలలో మీతో కలిసి ఫిడేలు నేర్చుకున్న మిత్రుడు 23 ఏళ్లకే బ్లడ్ క్యాన్సర్‌తో చనిపోయాడు. అతని పేరిట ఒక కచేరీ పెట్టి, వచ్చిన డబ్బు క్యాన్సర్ రోగులకు ఇవ్వాలని మీ బ్యాచ్ వాళ్లంతా అనుకుంటున్నారు. టికెట్టు పెట్టాలా, డబ్బు ఎవరికి ఇవ్వాలి, ఎవరిని పిలవాలి అని అడిగారు. అతని అమ్మానాన్నలు ఔననీ కాదనీ అనడం లేదు, ముందుకెళ్లవచ్చా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. తప్పకుండా పెట్టండి. టికెట్టు మాత్రం వద్దు. కచేరీకి అయ్యే ఖర్చంతా మీలో మీరు, దగ్గరివాళ్ల దగ్గర ముందే వేరుగా పోగుచేసుకోండి. ఆ సాయంత్రం హాల్లో పడిన ప్రతి రూపాయీ రోగులకే వెళ్లాలి, అందులోంచి మైకు సెట్టు వాడికి కూడా ఇవ్వకూడదు. ఇక అమ్మానాన్నలు నోరు తెరిచి సరే అనేవరకు హాలు బుక్ చేయకండి.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని. మా ఊళ్లో ఒక చిన్న సంగీత సభ పనులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఇలాంటి సంస్మరణ కచేరీలు ఇక్కడా, శ్రీకాకుళంలోనూ దగ్గరుండి జరిపించాను, కొన్నిటికి లెక్కలు రాసిపెట్టాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

అమ్మానాన్నల మాట

వాళ్లు ఏమీ అనడం లేదంటే ఒప్పుకున్నట్టు అనుకోకండి. కడుపుకోతలో ఉన్నవాళ్లు మీ ముఖం చూసి కాదనలేకపోవచ్చు. బ్యాచ్ మొత్తం కాకుండా, ఆ ఇంట్లో చనువున్న ఇద్దరు వెళ్లండి. ‘కచేరీ పెడుతున్నాం’ అని చెప్పడానికి వెళ్లవద్దు. ‘పెట్టాలని ఉంది, మీకెలా ఉంటుంది?’ అని అడగండి. జవాబు ఆరోజే రావాలని కూర్చోకండి. మళ్లీ వెళ్లండి.

ఒక్కసారి సరే అంటే అన్నిటికీ సరే అన్నట్టు కాదు. ఫొటో ఏది పెట్టాలి, జబ్బు పేరు ఆహ్వాన పత్రికలో వేయాలా వద్దా, అతను వాయించిన రికార్డింగు వినిపించాలా, ఫిడేలు వేదిక మీద పెట్టాలా, ఇవన్నీ విడివిడిగా అడగాల్సిన సంగతులు. శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఒక తల్లి అన్నిటికీ తలూపి, ఫిడేలు మాట వచ్చేసరికి ‘ఏటి బాబూ, ఆడి ఫిడేలు కూడా అట్టుకెళ్తారా?’ అని ఏడ్చేసింది. ఫిడేలు ఇంట్లోనే ఉండిపోయింది, కచేరీ బాగానే జరిగింది. మీకు అది ఒక అలంకారంలా కనిపించవచ్చు. ఆమెకు కొడుకు చెయ్యి తగిలిన ఆఖరి వస్తువు అదే.

తేదీ కూడా వాళ్లతో మాట్లాడే పెట్టాలి. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, మీరు ఇంగ్లీషు తేదీ చూసుకుంటే రెండూ వేర్వేరు రోజుల్లో పడతాయి. తిథి రోజు ఇంట్లో కార్యక్రమం ఉంటుంది, వాళ్లు అలసిపోయి ఉంటారు, ఆ రోజు కచేరీ వద్దు. ఏడాది తిరక్కుండా పాటా కచేరీ ఏమిటని అభ్యంతరపెట్టే పెద్దలు కొన్ని ఇళ్లలో ఉంటారు. వాళ్లతో వాదించవద్దు, ఏడాది దాటాకే పెట్టండి. నన్నడిగితే అతని పుట్టినరోజుకు దగ్గర్లో వచ్చే ఆదివారం అన్నిటికన్నా మంచిది. పోయిన రోజును తలుచుకోవడం కంటే పుట్టిన రోజును తలుచుకోవడం ఆ ఇంటికి కాస్త తేలిక.

తేదీ ఖాయం చేసేముందు ఊరి క్యాలెండర్ కూడా చూసుకోండి. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ వారమంతా విజయనగరంలో ఆటో దొరకడమే కష్టం. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి, ఇక్కడివాళ్లకు ఆ తేదీలు గుర్తే. హైదరాబాద్, బెంగళూరులో ఉన్న మిత్రులు రావాలంటే సంక్రాంతి సెలవుల చివరి రోజులు బాగుంటాయి. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ వదిలేయండి.

టికెట్టు ఎందుకు వద్దంటున్నాను

విజయనగరంలో శాస్త్రీయ సంగీతం వినడానికి వచ్చేవాళ్లలో సగంమంది పెన్షనర్లు, విద్యార్థులు. వంద రూపాయల టికెట్టు పెడితే వచ్చే డబ్బు తక్కువ, ఆగిపోయే మనుషులు ఎక్కువ. తలుపులు తెరిచి, బయటికి వెళ్లే దారిలో తాళం వేసిన హుండీ, దాని పక్కన విరాళాలు తీసుకునే సభదో ట్రస్టుదో క్యూఆర్ కోడ్ పెట్టండి. కచేరీ విన్నాక మనసు నిండినవాళ్లు టికెట్టు ధర కంటే ఎక్కువే వేస్తారు, నేను చూసినంతలో ఎప్పుడూ అలాగే జరిగింది.

ఈ ఊరికి ఆ గుణం పాతది. 1919లో విజయనగరం రాజా విజయరామ గజపతి పెట్టిన మీ సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఇక్కడ చదువుకునే రోజుల్లో ఘంటసాల గారు జోలె పట్టి మాధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారని అందరికీ తెలుసు. సంగీతం నేర్చుకునే పిల్లవాడికి గుప్పెడు మెతుకులు పెట్టిన ఇళ్లు ఈ ఊళ్లోవి. అలాంటి ఊళ్లో ఒక సంగీత విద్యార్థి పేరు చెప్పి చెయ్యి చాపితే కాదనరు, గేటు దగ్గర టికెట్టు చింపాల్సిన పని లేదు.

సినిమా పాటల విషయం ఒకటుంది. మీవాడు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు కూడా వాయించేవాడని రాశారు. త్యాగరాజ కీర్తనలకు, దీక్షితుల కృతులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సినిమా పాటలకు కాపీరైట్ ఉంటుంది. టికెట్టు పెట్టి వాయిస్తే మంచి పని కోసమైనా సరే లైసెన్సు కావాలి. మీది విరాళాలు తీసుకునే సభ కాబట్టి, సినిమా పాటలు పెట్టాలనుకుంటే పాటల హక్కుల లైసెన్సులిచ్చే సంస్థ ఐపీఆర్ఎస్‌ను ముందుగా అడిగి తీసుకోవడమే మేలు.

డబ్బు ఎవరికి, దేనికి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, కరపత్రం వేయడానికి ముందే తేలిపోవాలి. ‘క్యాన్సర్ రోగుల సహాయార్థం’ అని అచ్చు వేసి, డబ్బు వచ్చాక ఎవరికిద్దామని కూర్చున్న ఒక బృందాన్ని నేను చూశాను. డబ్బంతా ఒక కుర్రాడి సొంత ఖాతాలో ఉంది. అతను పైసా ముట్టుకోలేదు. అయినా ఆరు నెలలు గడిచేసరికి స్నేహితుల మధ్య మాటలు పోయాయి. చనిపోయినవాడి పేరు ఆ గొడవలో నలిగింది, అదే నాకు ఎక్కువ బాధ.

నా సలహా రోగుల ప్రయాణానికి, బసకు, తిండికి ఇవ్వమని. ఎందుకో చెబుతాను. కార్డున్న కుటుంబాలకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద, మనమింకా ఆరోగ్యశ్రీ అంటున్నదే, క్యాన్సర్ చికిత్స అందుతోంది. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది. వైద్యం దొరికినా దాని చుట్టూ అయ్యే ఖర్చు ఇంటిని తినేస్తుంది. ఇచ్ఛాపురం నుంచో, పార్వతీపురం అవతల ఏజెన్సీ నుంచో పిల్లవాణ్ని తీసుకుని తల్లీతండ్రీ ఇద్దరూ రావాలి. ఇద్దరి కూలీ పోతుంది. కీమో మధ్యలో ఊరికి వెళ్లిరాలేక ఆసుపత్రి దగ్గరే గది తీసుకుంటారు. రక్తకణాలు పడిపోయినప్పుడు జనం కిక్కిరిసిన బస్సులో తిప్పితే ఇన్ఫెక్షన్ భయం, ఆటోనో కారో మాట్లాడుకోవాలి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ రకం లుకేమియాకు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. చాలామంది మధ్యలో మానేసేది మందు లేక కాదు, దారిఖర్చు లేక. మీ కచేరీలో వచ్చే డబ్బు ఆపరేషన్లు చేయించేంత ఉండదు. కొన్ని కుటుంబాలు వాయిదా తప్పకుండా ఆసుపత్రికి వెళ్లేంత మాత్రం ఉంటుంది.

రోగిని మీరు వెతికి ఎంపిక చేయకండి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లు ఉంటారు, ఎవరికి నిజంగా అవసరమో వాళ్లకు తెలుసు. ముందుగా వెళ్లి మాట్లాడండి, డబ్బు ఫలానా పనికే వాడాలని రాసి ఇవ్వండి, వాళ్ల పద్ధతిలో ఆసుపత్రి ఖాతాకే నేరుగా పంపండి. జబ్బుపడిన పిల్లల్ని వేదిక మీదికి తెచ్చి చెక్కు ఇస్తూ ఫొటో తీయించడం దయచేసి చేయవద్దు. గుండు మీద టోపీ పెట్టుకున్న ఆ పిల్లకి రేపు బడికి వెళ్లాల్సి ఉంటుంది.

కళాశాలలో అతని పేరిట బహుమతి పెడదామని కూడా మీలో కొందరు అంటున్నారట. చెడ్డ ఆలోచన కాదు. రెండు లక్షలు డిపాజిట్ చేస్తే ఆరున్నర శాతం వడ్డీకి ఏడాదికి 13,000 వస్తాయి, ఒక విద్యార్థికి అది పెద్ద సాయమే. కానీ కరపత్రంలో క్యాన్సర్ రోగులకని వేసి, ఆ డబ్బు బహుమతికి మళ్లించకూడదు. బహుమతి కావాలంటే దానికి వేరుగా అడగండి.

ఖాతాలు, రశీదులు

కొత్తగా ట్రస్టు పెట్టే పని పెట్టుకోకండి, ఒక్క కచేరీకి అంత అవసరం లేదు. ఇప్పటికే రిజిస్టరై, ఏటా ఆడిట్ చేయించుకుంటున్న సభనో ట్రస్టునో అడిగి వాళ్ల ఖాతా ద్వారా నడపండి. పన్ను మినహాయింపు రశీదు, అందరూ 80జీ అనేది, ఆ అనుమతి ఉన్న సంస్థ మాత్రమే ఇవ్వగలదు. 2,000 రూపాయలు దాటిన విరాళం నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు. లేని రశీదు ఆశ చూపి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవద్దు.

అమెరికాలో ఉన్న మీ సీనియర్లు పంపుతామంటున్నారని రాశారు. ఇక్కడ జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన పంపితే విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకపోతే ఆ డబ్బు ముట్టుకోకండి. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే నేరుగా ఇవ్వమని వాళ్లకు చెప్పండి.

హుండీ తాళంచెవి ఒకరి దగ్గర, హుండీ ఇంకొకరి దగ్గర ఉండాలి. ఆ రాత్రే ముగ్గురి ఎదుట లెక్కపెట్టి, కాగితం మీద ముగ్గురూ సంతకం చేయండి. ఎంత పొద్దుపోయినా ఈ పని మర్నాటికి వాయిదా వేయవద్దు.

కచేరీ ఎలా ఉండాలి

పెద్ద పేరున్న గాయకుణ్ని పిలిస్తే జనం వస్తారని మీలో ఒకరు అన్నారట. వస్తారు, నిజమే. అప్పుడది ఆయన కచేరీ అయిపోతుంది, మీవాడి ఫొటో ఒక మూల ఉంటుంది. ఇది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పి, 1936 నుంచి ప్రిన్సిపాల్‌గా ఉన్న కళాశాల. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును ముందుకు తెచ్చి సోలో కచేరీలు చేసి మెప్పించిన మహానుభావుడాయన. ఆయన ఊళ్లో ఫిడేలే ప్రధానంగా కచేరీ పెడితే వినేవాళ్లు లేకపోరు. అతనితో కలిసి సాధన చేసినవాళ్లే వాయించండి. అతని గురువుగారు ఒప్పుకుంటే ప్రధాన కృతి ఆయన చేతే వాయించండి.

అన్నీ ఏడుపు రాగాలు పెట్టకండి. శుభపంతువరాళి తర్వాత ముఖారి, దాని తర్వాత శివరంజని పెడితే ముందు వరసలో కూర్చున్న తల్లి ఏమవుతుంది? అతను ఇష్టపడి ఏం వాయించేవాడో గుర్తు చేసుకుని అవే పెట్టండి. వర్ణంతో మొదలుపెట్టి, మధ్యలో నాలుగు కృతులు, ఒక ప్రధాన కృతికి రాగం, స్వరకల్పన, తని ఆవర్తనం (మృదంగం, ఘటం విడిగా వాయించే భాగం), చివర రెండు చిన్న అంశాలు. మంగళం వాయించాలా వద్దా అని కొందరికి సందేహం వస్తుంది. కచేరీ ఏదైనా మంగళంతోనే ముగియాలి, ‘నీ నామ రూపములకు’ దేవుడికి చెప్పే మంగళం. ఇంటి పెద్దలకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

అతని రికార్డింగు వినిపించడానికి ఇంట్లో ఒప్పుకుంటే, మూడు నాలుగు నిమిషాలకు మించనివ్వకండి, కచేరీ మధ్యలో పెట్టండి. మొదట్లోనే పెడితే ఆ తర్వాత వాయించాల్సిన మీ చేతులు వణుకుతాయి. ఫోనులో తీసిన రికార్డింగు హాలు స్పీకర్లలో వేరేగా వినబడుతుంది, మధ్యాహ్నమే ఒకసారి వేసి చూసుకోండి.

ఉపన్యాసాలు తగ్గించండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ఒక మృదంగం కుర్రాడి సంస్మరణ సభలో ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, వేదిక మీద ఎనిమిది మందికి శాలువాలు కప్పి, అందరూ మాట్లాడి, కళాకారులు కూర్చునేసరికి తొమ్మిదైంది. బొబ్బిలి, సాలూరు బస్సులు పట్టుకోవాల్సినవాళ్లు అప్పటికే లేచిపోయారు. ఖాళీ కుర్చీల ముందు ఆ కుర్రాడి స్నేహితులు వాయించారు. మీరు ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగించండి. ముగ్గురే మాట్లాడాలి: గురువుగారు, ఒక మిత్రుడు, డబ్బు ఎక్కడికి వెళ్తుందో చెప్పే ఒక డాక్టరో సోషల్ వర్కరో. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు.

హాలు విషయంలో ఆనంద గజపతి ఆడిటోరియం పెద్దది, నిండకపోతే వెలితిగా ఉంటుంది. రెండొందల మంది పట్టే చోటు చాలు, నిండుగా ఉంటే వాయించేవాళ్లకూ బలం. శ్రీకాకుళంలో మళ్లీ చేస్తే అక్కడ బాపూజీ కళామందిర్ ఉంది. ఆరుబయట పెట్టాలనుకుంటే మైకుకు పోలీసు అనుమతి తీసుకోవాలి, రాత్రి పది తర్వాత మోగకూడదు, ఆసుపత్రికీ బడికీ వంద మీటర్ల లోపు అసలు కుదరదు.

మీరంతా ఉచితంగా వాయిస్తారు, సరే. విశాఖ నుంచో రాజమండ్రి నుంచో వచ్చే మృదంగం, ఘటం కళాకారులను మాత్రం ఉచితంగా అడగకండి. ఆదివారం కచేరీ వాళ్ల జీవనాధారం. ముందుగా పోగుచేసిన ఖర్చుల డబ్బులోంచి దారిఖర్చు, సంభావన ఇవ్వండి. వాళ్లంతట వాళ్లు ఆ కవరు హుండీలో వేస్తే అది వాళ్ల మంచి మనసు.

డబ్బు కాకుండా ఇంకొకటి

బ్లడ్ క్యాన్సర్ రోగులకు డబ్బుతో సమానంగా కావాల్సింది ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు. సేకరించిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిల్వ ఉంటాయి, అందుకే ఎప్పుడూ కొరతే. మీవాడికి అర్ధరాత్రి దాతల కోసం మీరు ఫోన్లు చేసిన సంగతి మీరే రాశారు. ఒకే దాత నుంచి మిషను మీద తీసే ప్లేట్‌లెట్లకు బ్లడ్ బ్యాంకుకే వెళ్లాలి, గంటా గంటన్నర పడుతుంది. హాల్లో శిబిరం పెడితే అది కుదరదు. కాబట్టి హాలు గుమ్మం దగ్గర ఒక బల్ల వేసి, విశాఖలో ఉండే, విశాఖకు రాగలిగే కుర్రాళ్ల పేరు, ఫోను, బ్లడ్ గ్రూపు, బరువు రాసుకోండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య, 50 కిలోలు దాటిన ఆరోగ్యవంతులు చాలామంది ఇవ్వగలరు, మిగతా పరీక్షలు బ్లడ్ బ్యాంకు వాళ్లు చూసుకుంటారు. ఈ జాబితాను వాట్సాప్‌లో అందరికీ పంచకండి. ఇద్దరి దగ్గరే ఉంచి, బ్లడ్ బ్యాంకు అడిగినప్పుడు వాళ్లే ఫోను చేయాలి. ఇలా రాసుకున్న ఒక జాబితా కచేరీ అయిపోయిన ఏడాది తర్వాత కూడా పనికొచ్చింది.

అతని ఫిడేలు

వేదిక మీద పెట్టడానికి ఇంట్లో ఒప్పుకుంటే, బంతిపూల దండ దాని మీద వేయకండి. దండలోని తడి వార్నిషును పాడుచేస్తుంది, కుంకుమ, గంధం మరక పోదు. కింద పట్టుగుడ్డ పరిచి, పూలు పక్కన పెట్టండి. ఇంట్లో పెట్టెలో ఉన్నా దాన్ని వదిలేయకూడదు. మన సముద్రపు గాలికి బూజు పడుతుంది, అతుకులు విడుతాయి. కమాను జుట్టు వదులు చేసి ఉంచాలి. తీగలు పూర్తిగా విప్పేయకూడదు, విప్పితే లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోతుంది, కొద్దిగా వదులు చేస్తే చాలు. మీలో ఒకరు నెలకోసారి వెళ్లి తుడిచి, శ్రుతి చేసి, కాసేపు వాయించి రండి. ఏ విద్యార్థికైనా ఇద్దామనే మాట వాళ్లంతట వాళ్లు ఎత్తేవరకు మీరు ఎత్తకండి. ఎత్తితే, ఎంతకాలానికి ఇస్తున్నారో, రిపేరు ఎవరు చేయించాలో ఒక కాగితం మీద రాసుకోండి.

కచేరీ అయిన రెండు వారాల్లో లెక్క బయటపెట్టండి. ఖర్చుల ఖాతా ఒకటి, విరాళాల ఖాతా ఒకటి, ఆసుపత్రి ఇచ్చిన రశీదు నకలు, అన్నీ ఒకే పేజీలో. మొదటి ప్రతి అతని ఇంటికి స్వయంగా పట్టుకెళ్లి ఇవ్వండి. ‘ఏటా జరుపుతాం’ అని వేదిక మీద మాత్రం ప్రకటించకండి. ఉద్యోగాలు, పెళ్లిళ్లు వచ్చాక మూడో ఏడు ఆగిపోతే ఆ ఇంట్లో వాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. జరపగలిగిన ఏడాది జరపండి.

ఇంట్లో వాళ్లు సరే అన్నాక ఇక్కడే రాయండి. తంబురా, మృదంగం ఏర్పాట్లు, ఖాతా ఇవ్వగలిగిన సభతో మాట్లాడటం నేను చూస్తాను.